శవం నోట్లో గుడ్డు మేత

గురువారం ఉదయం. మార్చి నెల. మెఖెలెన్ పట్టణం పక్కనున్న ఆ చిన్న ఊళ్లో పొగమంచు ఇంకా విడలేదు.

రెమి డాక్స్ తన పెరట్లోని పిట్టల గదిలో నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. ఎడమ కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. పక్కనే ఒరిగిపోయిన స్టూలు.

ఒళ్లు చల్లబడి చాలాసేపయింది.

చుట్టూ పంజరాల్లో కానరీ పిట్టలు గొంతు చించుకుని పాడుతున్నాయి. నీళ్లు బుడబుడమని మరుగుతున్నట్టుండే పాట.

"వీటికి నోరు మూసే అలవాటు లేదా మేడమ్?" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్ యూనుస్.

ఇన్‌స్పెక్టర్ హిల్డె మూన్స్ అప్పటికే కిందికి వంగింది. మోకాళ్ల మీద కూర్చుని శవం ముఖంలోకి చూస్తోంది.

పెదవుల మీద పసుపుపచ్చటి పొడి. నోటి లోపల కూడా ఉంది. చేతి తొడుగు వేసుకుని కొంచెం తీసింది. తడిగా ఉంది. వాసన చూసింది.

ఉడికించిన గుడ్డు. రస్కు పొడి. క్యారెట్ తురుము.

తల ఎత్తి చూసింది. పంజరాల్లోని గిన్నెల నిండా అదే మేత.

"ఫోటోలు తీయండి. శవానికే కాదు. ప్రతి గిన్నెకీ తీయండి" అంది.

శవాన్ని మొదట చూసింది స్టాఫ్ లౌవర్స్. ఊళ్లోని కానరీల క్లబ్బుకి అధ్యక్షుడు. గేటు దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"శనివారం పిట్టల పాటల పోటీలో మీకూ రెమి గారికీ గొడవైందట?" అని అడిగింది హిల్డె.

"గొడవంటే గొడవా? అందరి ముందూ నన్ను చెవిటి గాడిద అన్నాడు. కొత్త కోటు మీద గ్లాసెడు బీరు కుమ్మరించాడు."

"ఎందుకు?"

"వాడి పిట్టకి మార్కులు తక్కువ వేశానని."

"మరి ఈ పొద్దున ఎందుకొచ్చారు?"

స్టాఫ్ ముఖం తిప్పుకున్నాడు. "తక్కువే వేశానని ఒప్పుకుందామని వచ్చాను మేడమ్. ఒప్పుకునే అవకాశం వాడిచ్చాడు కాదు."

"పెరటి గేటుకి తాళం ఉండదా?"

"ఈ ఊళ్లో పెరళ్లకి తాళాలెవరు వేస్తారు? అటు వీధి సందు. ఇటు కంచెలో చిన్న తలుపు దాటితే వాళ్లక్క ఓడీల్ ఇల్లు. ఎవరైనా రావచ్చు."

రెమికి పెళ్లి కాలేదు. ఉన్నది ఆ అక్క ఒక్కతే. ఎనభై నాలుగేళ్లు. హిల్డె వెళ్లేసరికి ఓడీల్ కిటికీ పక్క కుర్చీలో కళ్లు తుడుచుకుంటోంది. కబురు విని పరుగెత్తుకొచ్చిన కొడుకు బ్రునో పక్కనే ఉన్నాడు. ఆంట్‌వెర్ప్‌లో ట్రామ్ డ్రైవరు.

"అమ్మని ఇప్పుడేమీ అడగకండి మేడమ్. మోకాళ్లు పట్టేసి పది రోజులుగా ఇల్లు కదల్లేదట. కదూ అమ్మా?"

ఓడీల్ అవునన్నట్టు తల ఊపింది.

"మీ మామయ్యతో మీకు పడదని విన్నాను" అంది హిల్డె.

బ్రునో మెడ ఎర్రబడింది. "అమ్మని ముసలివాళ్ల హోమ్‌లో చేర్పిద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను బతికుండగా నా అక్క గడప దాటదన్నాడు. కేకలేసుకున్నాం. అంతే."

"ఎప్పుడు?"

"పోయిన ఆదివారం."

స్టేషన్‌కి రాగానే యూనుస్ లెక్క తేల్చేశాడు. "ఇద్దరు అనుమానితులు మేడమ్. ఒకడికి పరువు పోయింది. ఇంకొకడి దారికి ఆయన అడ్డం."

 హిల్డె మనసంతా ఆ పసుపుపచ్చ పొడి మీదే ఉంది.

శుక్రవారం సాయంత్రం పోస్ట్‌మార్టం డాక్టరు ఫోన్ చేసింది.

"ఎవరూ నెట్టలేదు హిల్డె. స్టూలు మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కదల్లేకపోయాడు."

"ఎప్పుడు?"

"సోమవారం."

"చనిపోయింది?"

"బుధవారం రాత్రి. చలికి."

హిల్డె పెన్ను కింద పెట్టేసింది. "అంటే రెండు రోజుల పైన ప్రాణంతో పడి ఉన్నాడా?"

"అవును. ఇంకో మాట. కడుపులో గుడ్డు ఉంది, రస్కు ఉంది, క్యారెట్, గసగసాలు. విషం ఏమీ లేదు. ఒకసారి తిన్నది కాదు. రెండు రోజులూ కొంచెం కొంచెంగా తిన్నాడు. నీళ్లు కూడా తాగాడు. ఎవరో తినిపించారు."

యూనుస్ ఈ మాట విని కుర్చీలోంచి లేచిపోయాడు.

"అంటే రోజూ వచ్చారు. కళ్లారా చూశారు. పిట్టల తిండి నోట్లో కుక్కి, చలిలో వదిలేసి పోయారు. ఎంత పగ ఉంటే ఇలా చేస్తారు మేడమ్?"

అదే మాట హిల్డెకి ఆ రాత్రంతా నిద్ర లేకుండా చేసింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆమె చాలా పగలు చూసింది. పక్షులకి ఇంత శ్రద్ధగా మేత కలిపి పెట్టిన పగని ఎక్కడా చూడలేదు.

శనివారం పొద్దున ఫోటోలు బల్ల మీద పరిచింది.

హిల్డె తాత కూడా కానరీలు పెంచాడు. చిన్నప్పుడు ఆయన పక్కన నిలబడి గుడ్డు చిదిమింది తనే. ఉప్పు పడకూడదు, చక్కెర పడకూడదు. ఒక్కో పిట్టకి చిటికెడు. మధ్యాహ్నానికల్లా గిన్నె తీసి కడిగెయ్యాలి. గుడ్డు పులిస్తే పిట్ట చస్తుంది.

ఈ ఫోటోల్లో ఏ గిన్నెలోనూ చిటికెడు లేదు. అంచు దాటి కిందికి రాలుతోంది. కుప్ప మీద కుప్ప. కింది కుప్ప కొంచెం ఆరింది. మీదిది తడిగా ఉంది. నిన్నటిది మాత్రం ఎక్కడా లేదు, పొద్దున్నే గిన్నెలు కడిగినట్టున్నారు. అన్నీ ఆ గురువారం తెల్లవారాక కలిపినవే.

శవం నోట్లోది కూడా తడి ఆరనిది, అప్పటిదే.

కానీ రెమి పోయింది బుధవారం రాత్రి.

 హిల్డె లేచి కోటు తగిలించుకుంది.

"యూనుస్. స్టాఫ్‌ని ఓడీల్ గారింటికి రమ్మనండి. బ్రునోని అక్కడే ఉండమనండి."

"అరెస్టా మేడమ్?"

"కాదు" అంది.

ఓడీల్ వంటగదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. బ్రునో తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, నువ్వెళ్లి కాసేపు నడుం వాల్చు."

"నా ఇంట్లో నన్ను పడుకోమనడానికి నువ్వెవడివిరా? చుట్టాలొచ్చారు. కాఫీ ఇవ్వద్దూ?" ఓడీల్ అప్పటికే కాఫీ పోసింది. మళ్లీ పోయడానికి కెటిల్ అందుకుంది.

హిల్డె ఆమె కాళ్ల వైపు చూసింది. ఉన్ని చెప్పులు. అడుగున కానరీ గింజల పొట్టు అంటుకుని ఉంది.

"రెమి గారిని ఎవరూ చంపలేదు" అని మొదలుపెట్టింది. "పడిపోయారు. పడిపోయాక రోజూ ఒక మనిషి వచ్చారు. తినిపించారు, నీళ్లు పట్టారు. సాయానికి మాత్రం ఎవరినీ పిలవలేదు. మేమందరం దీన్ని పగ అనుకున్నాం."

"నా వైపు చూసి చెప్పకండి" అన్నాడు స్టాఫ్.

"మీరు కాదు. మీరైతే గిన్నెలో అంత మేత పొయ్యరు. పిట్టలు తెలిసినవాళ్లెవరూ పొయ్యరు. బ్రునో గారికి ఆ మేత చెయ్యడమే రాదు. ఆ మనిషికి మేత చెయ్యడం బాగా వచ్చు. కానీ పెట్టిన సంగతి గుర్తుండదు. ఇంటికెళ్లి మళ్లీ గుడ్డు ఉడకబెట్టి మళ్లీ తెచ్చి పోశారు. ఆ ఒక్క ఉదయమే ఎన్నిసార్లు వచ్చారో."

బ్రునో చెయ్యి తల్లి భుజం మీంచి జారింది.

"మేమెవరం పట్టించుకోనిది ఇంకొకటుంది. గురువారం ఉదయం రెమి గారి నోట్లో పెట్టింది తాజా మేత. అప్పటికే ఆయన ప్రాణం పోయింది. పోయినవాడి నోట్లో తిండి ఎవరు పెడతారు? పగవాడు పెట్టడు. పోయాడని తెలియని మనిషి పెడుతుంది."

హిల్డె ముసలామె వైపు తిరిగింది.

"ఓడీల్ గారూ, పిట్టలకి గుడ్డు మేత ఎలా చేస్తారు?"

ముసలామె ముఖం వెలిగింది. "అదేమంత పనమ్మా! గుడ్డు బాగా గట్టిపడేదాకా ఉడకాలి. పెంకు కూడా పారెయ్యకూడదు, దంచి కలపాలి. అది వాటి ఎముకలకి బలం. రస్కు నలపాలి. క్యారెట్ సన్నగా తురమాలి. పైన గసగసాలు." చేతులు గాలిలోనే నలుపుతున్నాయి, తురుముతున్నాయి. "కొట్లో అమ్మేదాంట్లో అన్నీ రంగులూ తీపీనూ. మా రెమి దాన్ని ముట్టనివ్వడు."

"ఎవరు తీసుకెళ్తారు?"

"నేనే. కంచె దాటితే వాడిల్లేగా. వాడు కింద పడుకుని ఉన్నాడు. ఇదేం పడకరా అన్నాను. వాడికీ కాస్త పెట్టాను. చిన్నప్పుడూ అంతే, పిట్టల మేత దొంగతనంగా తినేవాడు." నవ్వింది.

"అమ్మా" అన్నాడు బ్రునో. "మామయ్య నీతో ఏమన్నాడు?"

"బ్రునోకి ఫోన్ చెయ్యవే అక్కా అన్నాడు. సరే అన్నాను. చేద్దామనే ఇంటికొచ్చాను..."

ఆగిపోయింది. గోడకున్న ఫోన్ వైపు చూసింది. చాలాసేపు చూసింది. ముఖంలోంచి నవ్వు మెల్లగా పోయింది.

"చేశానా?"

కొడుకు వైపు తిరిగింది.

"చేశానట్రా బ్రునో?"

బ్రునో ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "చేశావమ్మా. చేశావు."

స్టాఫ్ లేచి తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

హిల్డె బయటికొచ్చేసరికి అతను కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రెండేళ్లుగా వాడు పోటీ అయిపోగానే ఒక్క గ్లాసు కూడా తాగకుండా పరుగెత్తేవాడు" అన్నాడు. "పెళ్లాం లేనివాడివి, నీకెందుకురా తొందర అని ఏడిపించేవాళ్లం. అక్క స్టవ్ ఆర్పిందో లేదో చూడాలనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం."

బ్రునో వెనకే వచ్చాడు. "ఆదివారాలు నేనొచ్చేసరికి ఆయన ఇక్కడే కూర్చుని ఉండేవాడు. అమ్మని ఏది అడిగినా ఆయనే జవాబు చెప్పేవాడు. పెత్తనం చేస్తున్నాడని నాకు ఒళ్లు మండేది. హోమ్ మాట ఎత్తితే చాలు, తరిమి కొట్టేవాడు." చెంపలు తుడుచుకున్నాడు. "అమ్మ మరిచిపోతోందని ఒక్క మాట చెప్పుంటే..."

చెప్పి ఉంటే బ్రునో ఆమెని హోమ్‌కి తీసుకెళ్లేవాడు. అది రెమికి తెలుసు. అందుకే చెప్పలేదు. దాచినంత కాలం బాగానే దాచాడు.

హిల్డె కారు వైపు నడిచింది. ఇదంతా బ్రునోకి తెలియని సంగతేమీ కాదు.

కారులో యూనుస్ అడిగాడు. "రిపోర్టులో ఏం రాయను మేడమ్?"

"ప్రమాదవశాత్తూ మరణం."

"అంతేనా?"

"ఇంకేం రాస్తావు? ఎవరి మీద రాస్తావు?"

యూనుస్ కారు స్టార్ట్ చేశాడు.

కేసు మూసేశారు. పిట్టలని స్టాఫ్ తీసుకెళ్లాడు. బ్రునో సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉండిపోయాడు. హోమ్‌లో చోటు కోసం పేరు రాయించాడు.

రెమిని పాతిపెట్టిన మూడో రోజు హిల్డె ఫోన్ మోగింది.

"మేడమ్, బ్రునోని. కేసు గురించి కాదు. ఎవరిని అడగాలో తెలియక మీకు చేశాను."

"చెప్పండి."

"ఇవాళ పొద్దున లేవగానే రెమి ఏడిరా అంది. పోయాడమ్మా అన్నాను. అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుంది. మధ్యాహ్నం మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే ఏడుపు. సాయంత్రం మళ్లీ..."

"ఇంక చెప్పకండి" అంది హిల్డె. "ఊరెళ్లాడనండి."

"నిన్న అదే చెప్పాను మేడమ్."

"మరి?"

"నాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్లాడా, నేనేం తప్పు చేశానని నా మీద అలిగాడు, అని తెల్లవార్లూ ఏడ్చింది. కంచె దగ్గర నిలబడి క్షమించరా అని అరిచింది. చలిలో లోపలికి రానంది." అతని ఊపిరి బరువుగా వినిపించింది. "చెబితే అలా. చెప్పకపోతే ఇలా. నేనేం చెయ్యాలి మేడమ్?"

హిల్డె ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుంది.

అవతల ఎక్కడో లోపలి గదిలోంచి ముసలి గొంతు పిలుస్తోంది. రెమి వచ్చాడేమో చూడమంటోంది.

"వెళ్లాలి మేడమ్" అన్నాడు బ్రునో. ఫోన్ పెట్టేశాడు.