హెట్టీ కళ్ళకి సరిపోయే బైనాక్యులర్స్

సాసేజీల కోసం ఫ్రీజరు తెరిచిన ఆర్డిస్ చేతికి మాంసం పొట్లం బదులు బైనాక్యులర్స్ తగిలాయి. ఎవరో వాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నిరుడు కొట్టిన ఎల్క్ దుప్పి మాంసానికీ బఠానీల డబ్బాకీ మధ్య జాగ్రత్తగా పడుకోబెట్టారు.

ఎవరో ఏమిటి, ఆ ఇంట్లో ఇలాంటి పని చేసేవాడు ఒక్కడే.

"అల్లుడూ!" అని కేకేసింది ఆర్డిస్. "మీ ఊళ్ళో వీటిని వేపుకు తింటారా, ఉడకబెట్టుకుంటారా?"

పొయ్యి దగ్గర పాన్‌కేకులు తిరగేస్తున్న నోలన్ గబగబా వచ్చాడు. "అయ్యో, ఇంకో పావుగంట ఉండనివ్వండి అత్తయ్యా. చలిలోంచి వెచ్చటి వంటింట్లోకి తెస్తే అద్దాల బయట చెమట పట్టొచ్చు గానీ, లోపల పట్టకూడదు. లోపల పడితే దుకాణానికి వెనక్కిచ్చేస్తాను."

"మొన్నటివి ఏం పాపం చేశాయి?"

"మెట్ల మీంచి కంకర మీదకి జారవిడిచాను. ఇరుసు వదులైపోయింది."

"అంతకు ముందువి?"

"బక్కెట్లో ముంచాను. నీళ్ళు పట్టాయి."

ఆర్డిస్ ఫ్రీజరు తలుపు ధడాల్న మూసింది. ఆమెకి అరవై తొమ్మిదేళ్ళు. భర్త ఓరిన్ పోయేదాకా నలభై ఏళ్ళు అతనితో కలిసి మోంటానా కొండల్లో వేటగాళ్ళకి దారి చూపించింది. గుర్రం మీద మంచులో నిద్రపోయిన మనిషి. అలాంటి ఇంటికి అల్లుడుగా దొరికినవాడు బడిలో పిల్లలకి బాకాలూ వయొలిన్లూ నేర్పే మాస్టారు. ఇంతవరకూ కుందేలునైనా కొట్టి ఎరగడు. పదకొండేళ్ళ కూతురికి బైనాక్యులర్స్ కొనడానికి మూడు వారాలుగా నోటుపుస్తకంలో కొలతలు రాసుకుంటున్నాడు. పెళ్ళి సంబంధాలు కూడా ఇంత వెతికి ఉండరు.

"పది రెట్లు దగ్గరగా చూపించేవి ఉండగా, ఎనిమిది రెట్లవి దేనికయ్యా?"

"పది రెట్లయితే పిల్ల చేతి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది. ఎనిమిదయితే బొమ్మ నిలకడగా ఉంటుంది. బరువు సగం. పైన రబ్బరు తొడుగు ఉంది, పడ్డా తట్టుకుంటాయి. మెడకి వేలాడకుండా ఛాతీకి పట్టీలు కూడా ఇచ్చారు. నూట ముప్పై డాలర్లు. పారేసుకున్నా ఏడవక్కర్లేదు, విరిగితే బాగుచేసి ఇస్తారు."

"నూట ముప్పై డాలర్ల అద్దాల్లోంచి నూట ముప్పై డాలర్ల కొండే కనిపిస్తుంది" అంది ఆర్డిస్. గోడ మేకుకి ఉన్న ఓరిన్ బైనాక్యులర్స్ తీసి బల్లమీద పెట్టింది. నల్లటి జర్మన్ సరుకు, కిలో బరువుంటాయి. "ఇంట్లో ఇవుండగా బొమ్మలకొట్టు సామాను దేనికి? వచ్చే వారం వేట సీజను మొదలవుతుంది. హెట్టీ వీటితోనే చూస్తుంది."

సింకు దగ్గర గిన్నెలు తోముతున్న కూతురు కొరిన్ తల తిప్పలేదు. వేట మాట వస్తే కొరిన్ ఎప్పుడూ అంతే. సీజను వచ్చిందంటే తెల్లారకముందే లేచి అందరికీ శాండ్‌విచ్‌లు కట్టిచ్చేది, తాను మాత్రం గుమ్మం దాటేది కాదు. మేకులాంటి కడుపున దూది పుట్టిందని ఆర్డిస్ ఆమె ముందే అనేది.

హెట్టీ నిద్రకళ్ళతో దిగి వచ్చింది. బల్ల మీదున్న నల్లటి అద్దాలు చూడగానే మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"నేను ఈసారి రాను అమ్మమ్మా."

"ఏమే, ఎందుకూ?"

"నాకు రాదు. నువ్వే అన్నావుగా."

అన్న మాట నిజమే. నిరుడు శిఖరం మీద కూర్చోబెట్టి చూపిస్తే, బయలులో నిలబడ్డ పన్నెండు ఎల్క్‌లని పట్టుకుని "అయిదు" అంది ఈ పిల్ల. ఆ ముచ్చట ఆర్డిస్ చర్చి భోజనాల్లో నలుగురికీ చెప్పి నవ్వించింది. బ్యాండు మాస్టారి కళ్ళు వచ్చాయి, బాకాలో తప్ప ఎక్కడా ఏమీ కనిపించదు అని.

"చూశావా?" అంది అల్లుడితో. "రక్తం ఎక్కడికి పోతుంది?"

నోలన్ పొయ్యి ఆపేశాడు. అతని మెడ ఎర్రబడింది. "అత్తయ్యా, ఎనిమిదేళ్ళ పిల్లకి నేను పెద్దవాళ్ళ వయొలిన్ ఇచ్చి, వాయించలేకపోతే పిల్లకి సంగీతం రాదు అంటే మీరు నన్నేమంటారు?"

"వయొలిన్‌కీ దీనికీ ఏమిటి సంబంధం?"

"హెట్టీ, తాతయ్యవి తీసుకుని కిటికీలోంచి చూడమ్మా. కంచె దగ్గర ఏమున్నాయి?"

పిల్ల రెండు చేతులా ఎత్తిపట్టుకుంది. మోచేతులు వణికాయి. "గుర్రాలు" అంది.

"ఎన్ని?" అంది ఆర్డిస్.

"ఎన్నో వద్దు" అన్నాడు నోలన్ మెల్లిగా. "ఏం కనిపిస్తోందో ఉన్నదున్నట్టు చెప్పు. ఎవరూ ఏమీ అనరు."

హెట్టీ గొంతు పీలగా వచ్చింది. "ఒక కంటికి సగం కనిపిస్తుంది, అదీ ఊగుతూ. రెండో కంటికి అంతా నలుపే. పోయినేడూ అంతే."

"మరి చెప్పవేం!"

"చెబితే నవ్వుతావుగా."

నోలన్ ఆ బరువు అందుకుని ఇరుసు దగ్గర రెండు గొట్టాలనీ పూర్తిగా లోపలికి మడిచాడు. ఓరిన్ పెట్టిన అమరిక కదపకూడదన్నది ఆ ఇంట్లో ఆర్డిస్ పెట్టిన నియమం. ఇప్పుడు అతను కదిపేశాడు. అంత మడిచినా గొట్టాల మధ్య దూరం పిల్ల కళ్ళ మధ్య దూరం కన్నా ఎక్కువే ఉంది. స్కేలు పెట్టి రెండూ చూపించాడు. తర్వాత ఫ్రీజర్లోవి తెచ్చి, పైన పట్టిన చెమట చొక్కా అంచుతో తుడిచి, దగ్గరికి మడిచి కూతురికిచ్చాడు.

హెట్టీ వాటిని కంచె పొడుగునా మెల్లిగా తిప్పింది.

"మూడు" అంది చివరికి. "ఒకటి పడుకుంది. దాని చెవి మీద ఈగ వాలితే విదిలిస్తోంది నాన్నా! ఈగ కూడా కనిపిస్తోంది!"

ఆర్డిస్ ఏదో దెప్పిపొడవబోయింది. సింకు దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది.

"నాకూ అంతే" అంది కొరిన్.

"ఏమిటే?"

"నాకూ ఒక కంటికి నలుపే కనిపించేది. తొమ్మిదేళ్ళు నాకప్పుడు." కొరిన్ చేతుల నుంచి నురగ కారుతోంది. "నీకు చెప్పానమ్మా. వంకలు పెట్టకు అన్నావు. ఇది వంటింటికే పనికొస్తుంది, ఇంట్లో వదిలెయ్ అని నాన్నతో అన్నావు. మర్నాడు నా బదులు కుక్కని తీసుకెళ్ళారు."

"అది... కుక్క అంటే..."

"కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఇదే కిటికీ. నాకేదో లోపముందనుకున్నాను. నలభై ఒక్కేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను."

ఆర్డిస్ జీవితంలో మాటకి తడుముకున్న రోజు లేదు. ఇప్పుడు తడుముకుంది. ఓరిన్ అద్దాలు అందుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

కంచె వైపు తిప్పి చూసింది. మూడు గుర్రాలూ స్పష్టంగా ఉన్నాయి. తర్వాత ఒక గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి, రెండోది కంటికి కాస్త పక్కకి జరిపింది. అర్ధచంద్రుడంత వెలుగు మిగిలింది. అందులో గడ్డి ఊగింది, గుర్రాలు జారిపోయాయి. ఎంత వెతికినా దొరకలేదు. ఒక తొమ్మిదేళ్ళ పిల్ల ఈ ముక్క వెలుగులో తన తల్లి మెప్పు కోసం వెతుక్కుంది. తను పక్కనే కూర్చుని ఈసడించుకుంది. ఒకసారి కాదు, రెండు తరాలు.

లోపలికి వచ్చేసరికి ఆమె ముక్కు ఎర్రగా ఉంది. కూతురి ఎదుట నిలబడి, ఆ నల్లటి బరువుని ఆమె తడి చేతుల్లో పెట్టింది.

"నీ కళ్ళు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. నావే..." ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు నీకు సరిపోతాయి కొరిన్. వచ్చే శనివారం రా. శాండ్‌విచ్‌లు నేను కడతాను."

కొరిన్ నవ్వబోయి ఏడ్చింది. తల్లి భుజానికి నుదురు ఆనించింది. ఆర్డిస్‌కి కౌగిలించుకోవడం అలవాటు లేదు. గుర్రాన్ని సముదాయించినట్టు వీపు మీద తట్టింది, తడుతూనే ఉండిపోయింది.

శనివారం సూర్యుడు పొడిచేసరికి నలుగురూ శిఖరం కింద రాళ్ళ వెనక కూర్చున్నారు. నోలన్ బూట్లు దారి పొడుగునా రేకుల షెడ్డు కూలినట్టు చప్పుడు చేశాయి. ఆర్డిస్ పళ్ళు బిగపట్టుకుంది తప్ప ఒక్క మాట అనలేదు. అది ఆమెకి కొండెక్కడం కన్నా కష్టమైంది.

అవతలి వాలు మీద మంద మేస్తోంది. ఆర్డిస్ లెక్కపెట్టింది. ఏడు.

"ఎనిమిది" అని గుసగుసలాడింది హెట్టీ.

"ఏడే..." అనబోయి ఆగింది ఆర్డిస్.

"పడిపోయిన మాను వెనక ఒక దూడ ఉంది" అంది కొరిన్, కళ్ళ ముందు అద్దాలు దించకుండా. "నాకూ కనిపిస్తోంది."

ఆర్డిస్ ఆ మాను కోసం వెతికింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి కొండంతా మసకబారింది. చేత్తో తుడుచుకుని మనవరాలి పక్కకి జరిగింది.

"నాకు కనిపించడం లేదే" అంది. "ఎక్కడో చూపించు."