తొంభై ఆరు ముచ్చెలు

మునెమ్మ పొద్దున్నే సుబ్రమణి గుడిసె ముందుకొచ్చి నిలబడేసరికి ఆమె చేతిలో ఒక ఖాళీ గుడ్డసంచి ఉంది. అందులో పోసుకోవలసిన పిడికెడు మట్టి కోసమే ఆమె ఏడుస్తోంది.

సుబ్రమణి సముద్రాల అవతలి ఈ దీవిలో గిర్మిట్, అంటే చెరకు తోట కూలి ఒప్పందం, ముగించుకుని రాకిరాకి ఊరి దగ్గర కూలీ లైన్లకు, ఆ గదుల వరుసలకు, అవతల ఉంటున్నాడు. మన దేశంలో భూములు కొలిచే దొరల దగ్గర కొలత గొలుసు మోసినవాడు, లెక్కలు వచ్చినవాడు. కోడి పోయినా, గొడ్డలి మాయమైనా, జనం వచ్చేది ఆయన దగ్గరికే. మంగలి అప్పన్న ఆయన్ని వదిలి ఉండడు. "మా సుబ్రమణిగారు నీడని చూసి మనిషి పేరు చెబుతారు" అని లైన్లన్నీ చాటడం అతని రెండో వృత్తి.

"సామీ, మా ఆయన సమాధి రాయి పోయింది," అంది మునెమ్మ. "ఎల్లుండి ఓడకి పోవాల. ఆయన తలకాడి మట్టి తెచ్చి మన పెన్నేట్లో కలుపుతానని మా అత్తకి జాబు రాయించినా. పోయి చూస్తే గట్లతో సహా చేనంతా దున్నేసి ఉంది. ఆయన యాడున్నాడో తెలీడంలా."

మునస్వామి ఆరేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పదేళ్ళ గిర్మిట్‌లో ఆమెకు మిగిలింది చేని మూల అతని సమాధి మీద పెట్టిన ఏటిరాయి ఒక్కటే.

"ఏ మూల అమ్మా?"

"ఆ చెరకు నాటింది మేమిద్దరమే. తొంభై ఆరు ముచ్చెలు, నాటే చెరకు ముక్కలు, సర్దారు లెక్కబెట్టి నా నెత్తినెత్తినాడు. గుంటకో ముచ్చె. చేని మూల ఆ పెద్ద మాను, ఐవీ చెట్టుకాడ మొదలుపెట్టినాం. దానికి ఐమూలగా ఎదురు మూలనే ఆయన్ని పూడ్చిపెట్టి, తలకాడ ఆయన ఇత్తడి చెంబు బోర్లించినా."

"ఎన్ని సాళ్ళు నాటారు?"

"నాకు లెక్క రాదు సామీ. సాలుకి ఎన్ని గుంటలో, సాళ్ళు అంతకి నాలుగు తక్కువ. అది మాత్రం మరిచిపోను. ఎక్కువైన ఆ నాలుగూ నీ బదులు నేనే తవ్వుతాలే, కూచో, అనేవాడు."

కూలీల మీద మేస్త్రీ, సర్దారు రామ్ లాల్‌ను అడిగితే కస్సుమన్నాడు. "హమ్ నై జానా! నాకేం తెలుసు? దున్నించింది నేనే. రాయి ఉంటే నా నాగలి విరిగేది కదా, భాయీ?" సుబ్రమణి వంగి పక్కనున్న నాగలి కర్రును తడిమి చూశాడు. ఎక్కడా గాటు లేదు.

మునెమ్మ పక్క గదిలో ఉండే కిష్టయ్య ఆమెతో ఒకే ఓడలో దేశం నుంచి వచ్చినవాడు. "ఆ సర్దారుగాడే, ఇంకెవుడు!" అన్నాడు. "నేను మునస్వామి పోయినాకనే లంబాసా తోట నించి ఇక్కడికి వచ్చినా. ఆ చేలో కాలే పెట్టలా. ఎనిమిది సాళ్ళూ తిరగేసినాక ఇంకేం దొరుకుద్ది? ఈ ఓడ మానుకో చెల్లే. ఏడాది ఆగు, వెతుకుదాం."

సుబ్రమణి మధ్యాహ్నానికి అందరినీ చేనికి రమ్మని అప్పన్నతో కబురు పెట్టాడు.

అందరూ వచ్చాక ఐవీ చెట్టు కింద పుల్లతో నేల మీద 'య' అని గీశాడు. "సాళ్ళెన్నో తెలీదు, 'య' అనుకుందాం. సాలుకు గుంటలు య, మరో నాలుగు. రెంటినీ గుణిస్తే తొంభై ఆరు. అంటే య-ని య-తో గుణించి, నాలుగు య-లు కలిపి, తొంభై ఆరు తీసేస్తే సున్న."

"అది విప్పేదెట్లా?" అన్నాడు అప్పన్న నోరు తెరిచి.

"తొంభై ఆరును రెండు ముక్కలుగా విడగొట్టు. గుణిస్తే తొంభై ఆరు రావాలి, తేడా నాలుగుండాలి. నాలుగూ ఇరవైనాలుగూ? తేడా ఇరవై. ఆరూ పదహారూ? పది. ఎనిమిదీ పన్నెండూ?"

"నాలుగు!"

"ఆ. య-లోంచి ఎనిమిది తీసి, దాన్ని య-కి పన్నెండు కలిపినదానితో గుణిస్తే సున్న. గుణించి సున్న రావాలంటే రెంటిలో ఒకటి సున్న కావలసిందే. కాబట్టి య ఎనిమిదన్నా కావాలి, సున్నకి పన్నెండు తక్కువన్నా కావాలి. సున్నకి తక్కువ సాళ్ళు ఏ నేల మీదా ఉండవు. ఎనిమిది సాళ్ళు, సాలుకు పన్నెండు గుంటలు."

సుబ్రమణి, సాళ్ళకూ గుంటలకూ ఎడం గీతలు పెట్టిన సర్దారు కొలకర్ర తీసుకుని చెట్టు నుంచి కొలుచుకుంటూ పోయి, ఎనిమిదో సాలు పన్నెండో గుంట దగ్గర ఆగాడు. అప్పన్న తవ్వాడు. మోచేతి లోతున చెంబు అడుగు తగిలింది. మునెమ్మ చెయ్యి దాని మీద పెట్టి అట్లాగే ఉండిపోయింది.

"రాయి దున్నకముందే పోయింది, నాగలి సాక్ష్యం," అన్నాడు సుబ్రమణి. "ఈ చేలో కాలే పెట్టని మనిషి, నేను లెక్క విప్పకముందే ఎనిమిది సాళ్ళని ఎట్లా చెప్పాడు? కిష్టయ్యా?"

కిష్టయ్య తల దించుకున్నాడు. "దున్నబోతున్నారని ముందురోజు తీసినా. నా పక్క కిందుంది. ఓడ పోయినాక మళ్ళీ అక్కడే పెట్టాలని సాళ్ళు లెక్కబెట్టుకున్నా. నన్ను అన్నా అని పిలిచేది ఈ దీవిలో ఇదొక్కతే. ఇది పోతే నాకెవురు?"

మునెమ్మ సంచిలో మట్టి పోసుకుని మూతి ముడి వేసింది. చెంబును మళ్ళీ అక్కడే బోర్లించింది.

"ఆయనకి ఒంటిగా ఉండటం చాతగాదు," అంది. "రాయి తెచ్చి పెట్టు. పని దిగినాక వచ్చి రెండు మాటలాడి పో, అన్నా."

ఆమె ఓడెక్కిన రోజు, సాగనంపి వచ్చే దారిలో అప్పన్న అడిగాడు. "సుబ్రమణిగారూ, ఆ రెండో జవాబు, సున్నకి పన్నెండు తక్కువది, ఏమైనట్టు?"

"అదీ జవాబే. నిలబడే చోటే లేదు దానికి."

చేనిలో కిష్టయ్య రాతి పక్కన గొంతుక్కూర్చుని ఏదో చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగి, ఎవరో పిలిచినట్టు, ఓడ పోయిన వైపు తల తిప్పాడు.