మంత్రిగారి పేరు పెట్టిన దుమ్ములగొండి

అభయారణ్యంలో తాలెక్ నది ఒడ్డున పర్యాటకుల జీపు ఆపి, గైడు లెడామా, బొరియ దగ్గర నిలబడ్డ దుమ్ములగొండిని చూపించాడు.

"అదిగో, ఈ మందకు రాజు. మగతనం కళ్లకు కనబడుతూనే ఉందిగా!"

పక్క జీపులో అమ్మాయి పకపకా నవ్వింది. "ఆ రాజుగారు పోయిన నెలే ఇద్దరు పిల్లల్ని కన్నారండీ!"

పర్యాటకులు గొల్లుమన్నారు. లెడామా చెవులు వేడెక్కాయి.

ఆమె పేరు సిలాంటోయ్. ఆ జిల్లాలోనే నరోక్ ఊరి అమ్మాయి, దుమ్ములగొండుల మీద పరిశోధన చేస్తోంది. సాయంత్రం టీకొట్టు దగ్గర లెడామా ఆమెను పట్టుకున్నాడు.

"మేడమ్, ఆడదైతే మరి ఆ... అదేంటి?"

"తల్లి కడుపులో ఉండగానే ఆడపిల్లకు మగ హార్మోన్లు అందుతాయి. అందుకే పైకి అచ్చం మగదానిలా పెరుగుతుంది. అలాగని హార్మోన్లదే మొత్తం పని కాదు, ప్రయోగాల్లో మందులిచ్చి వాటిని అడ్డుకున్నా ఆ ఆకారం వస్తూనే ఉంది. కానుపు కూడా దాంట్లోంచే."

"అమ్మో! ఎంత నొప్పో పాపం!"

ఇప్పటిదాకా ఆమె నోట ఇది విన్న మగాళ్లందరూ నవ్వారు. ఇతను 'పాపం' అన్నాడు. మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే టీ తాగారు.

అంతలో జిల్లా మంత్రిగారు ఊడిపడ్డారు. ఆ 'మగధీరుడి'కి తన పేరు పెట్టించుకుంటారట. "నోరు విప్పావో, ఉద్యోగం ఊడుతుంది," అని లెడామా పనిచేసే టూరిస్టు క్యాంపు యజమాని అతన్ని హెచ్చరించాడు.

కెమెరాల ముందు మంత్రి మీసం దువ్వాడు. "నాయకుడంటే అలా ఉండాలి! ఏమంటావ్ గైడూ?"

దూరంగా సిలాంటోయ్ లెడామానే చూస్తోంది. అతను మంత్రి వైపు తిరిగాడు.

"అది ఆడది సార్."

మంత్రి కోపంగా నోరు తెరిచేలోగా బొరియలోంచి రెండు పిల్లలు దొర్లుకుంటూ వచ్చి దాని పాలు తాగసాగాయి.

"ఆపండి కెమెరాలు!" అని మంత్రి అరిచాడు.

లెడామా ఉద్యోగం అక్కడే ఊడింది. మంత్రి మాత్రం రేడియోలో, స్త్రీజాతి మీద గౌరవంతోనే ఆడదాన్ని ఏరికోరి ఎంచుకున్నానని సెలవిచ్చాడు.

"పిచ్చివాడా, మాట్లాడకుండా ఉండాల్సింది," అంది సిలాంటోయ్, టీకొట్టు దగ్గర.

"అబద్ధమాడితే రేపు నీ మొహం ఎలా చూడను?"

ఆమె కప్పు కింద పెట్టింది. "ఆదివారం మా ఇంటికి రా. అమ్మతో మాట్లాడు."

"ఏమని?"

"నన్నిమ్మని."

గంటలకొద్దీ ఊదరగొట్టే లెడామా తల ఒక్కటే ఊపాడు, ఆపకుండా.