మా సింకు, వాళ్ల నీళ్లు

శ్రీలేఖతో నేను మాట్లాడిన మొదటి మాట జుట్టు గురించి.

2006 వానాకాలం. పద్మారావు నగర్‌లో కింద వాటాలో అమ్మా నేనూ ఉండేవాళ్లం. రోజంతా కోడ్ రాసి, రెండు బస్సులు మారి, తడిసి ముద్దై ఇంటికొస్తే వంటింటి సింకులో మురికినీళ్లు గుడగుడమంటూ పైకి తేలుతున్నాయి. ఆ నెలలో అది నాలుగోసారి. పైవాటా పైపు గోడలోంచి దిగి మా సింకు కింద మా పైపులో కలుస్తుంది. వాళ్లు అక్కడ గిన్నె కడిగితే మా సింకులో వాళ్ల మెతుకులు తేలేవి.

బయట డ్రైనేజీ చాంబర్ మూత తీసి కర్రతో కెలికాను. ఇంత జుట్టుండ వచ్చింది. దాన్ని కర్రకు అలాగే వేలాడేసుకుని మెట్లెక్కాను.

తలకు స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి తలుపు తీసింది. పెద్ద కళ్లు. నా కోపం ఒక్క క్షణం తడబడింది కానీ, చేతిలో కర్ర ఉందిగా.

"దువ్వుకున్న జుట్టంతా పైపులో వేస్తే కింద మేం ఎలా బతకాలండీ?"

"ఇది నాదంటారా?"

"ఇంకెవరిది?"

ఆమె స్కార్ఫ్ విప్పింది. గుండు. అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు.

"నాన్నగారి కడుపు ఆపరేషన్ బాగా జరిగితే తలనీలాలిస్తానని మొక్కుకున్నాను. తిరుపతి వెళ్లొచ్చి మూడు వారాలైంది. కర్ర మీద ఇంకేమైనా తెచ్చారా?"

సారీ చెప్పాల్సింది. నేనేమన్నానంటే, "అయితే కాఫీపొడి అయ్యుంటుంది."

"మీరు డెవలపరా?"

"ఎలా తెలుసు?"

"నేను టెస్టింగ్‌లో చేస్తాను. తప్పు మీ దగ్గర తప్ప లోకమంతా ఉందనేది మీవాళ్లే."

తలుపు మూసుకుంది. ఆ ఉక్రోషంలో ఓనర్ నరసరాజుగారికి ఫోన్ చేసి, పైవాళ్లే పైపు పాడుచేస్తున్నారని గట్టిగా చెప్పేశాను.

అది మొదలు ఆమె బాల్కనీలోంచి నన్ను వేపుకు తినేది. "పైడిబాబుగారూ, గ్లాసు కడుగుతున్నాను. మీ సింకుకి చెప్పండి." ఒళ్లు మండిపోయేది. రెండు వారాలు తిరిగేసరికి, ఆ పిలుపు వినపడకపోతే ఇంకా మండేది. ఇదెక్కడి తలనొప్పిరా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే నరసరాజుగారు ఫోన్ చేశారు. "పైవాళ్లని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నానయ్యా. ఇక నీకు ఇబ్బంది ఉండదు."

పరుగున పైకి వెళ్తే శ్రీలేఖ పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది.

"నాన్నగారు ఇంకా మెట్లు దిగలేరు. అయినా ఏ.ఎస్. రావు నగర్‌లో ఇల్లు చూస్తున్నాం. మీ సింకు హాయిగా ఉంటుంది లెండి."

ఆ గొంతులో ఎప్పటి వేళాకోళం లేదు. అది నాకు తిట్టిన దానికంటే ఎక్కువ తగిలింది.

గంటలో ప్లంబర్ జ్ఞానశేఖర్‌ని పట్టుకొచ్చాను. సింకు కింద గచ్చు పగలగొట్టి, పైపు తీసి చూపించాడు. చప్పుడుకి శ్రీలేఖ కూడా దిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇగో చూడుండ్రి సార్. మరిగేదేందో రోజూ పోస్తున్నరు. ప్లాస్టిక్ పైపాయె, మెత్తబడి గిట్ల కుంగింది. కుంగిన కాడ గిదంత అట్టకట్టింది." వేలికి తెల్లటి జిగురు తీశాడు. "గంజి. పైనోళ్లు గంజి వారుస్తరా?"

"మాది కుక్కరండీ," అంది శ్రీలేఖ.

అందరం అమ్మవైపు తిరిగాం.

"ఏటి, నాకేసి సూత్తారు? కుక్కర్లో ఉడికింది అన్నవేట్రా? మా విజీనారంలో గంజి దొడ్లో ఒంపీసీవోళ్లం. ఇక్కడ దొడ్డేదీ? సింకులో ఒంపినాను."

"మరి ఆ జుట్టు?"

"అదీ నాదే. ఏం, నాకు జుట్టుండకూడదా?"

నేను అక్కడే, శ్రీలేఖ ఎదురుగానే, నరసరాజుగారికి ఫోన్ చేశాను. "తప్పు మాదేనండి. మా గంజి వల్లే పైపు పోయింది. చూడకుండా వాళ్ల మీద చెప్పాను. ఖాళీ చేయిస్తే మమ్మల్నే చేయించండి."

ఆయన తీరిగ్గా తిట్టారు. చివర్లో, "ఎవరూ కదలక్కర్లేదు. కొత్త పైపు నువ్వే వేయించు," అన్నారు.

"తప్పు తనదేనని ఒప్పుకున్న డెవలపర్‌ని ఇప్పుడే చూస్తున్నాను," అంది శ్రీలేఖ.

"ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మీరు వెళ్లిపోతారంటే నాకు భయమేసింది. మీరంటే ఇష్టం."

ఆమె పగిలిన గచ్చు చూపించింది. "ముందు పైపు వేయించండి," అంది. కానీ నవ్వుతూ అంది.

అమ్మ మాత్రం కుక్కర్‌కి లొంగలేదు. మర్నాటి నుంచి గంజి చల్లార్చి, మజ్జిగ కలిపి, పైన శ్రీలేఖ నాన్న రామభద్రరావుగారికి పంపేది. మోసేది నేను. పక్షం రోజులయ్యాక ఆయన గిన్నె అందుకుంటూ అడిగారు.

"గంజి సరే. అసలు విషయం ఎప్పుడు చెబుతావు బాబూ?"

చెప్పాను. ఆయన గంజి పూర్తిగా తాగి, "మీ అమ్మగారిని ఓసారి పైకి రమ్మను," అన్నారు.

పెళ్లినాటికి శ్రీలేఖ జుట్టు భుజాలు దాటింది. కాపురానికి కింద వాటాకి దిగిన వారానికే బాత్రూంలో నీళ్లు నిలిచాయి. విసుక్కుంటూ నీళ్లు పోయే జాలీ ఎత్తితే ఇంత జుట్టుండ. పాత కర్రతో పైకి తీసి, అలవాటుగా మెట్లకేసి చూశాను.

"అటు కాదు," అంది శ్రీలేఖ నా వెనక నుంచి. "ఈసారి నాదే."