దస్తీ కట్టిన తాడు

దస్తీ లేని తాడును అన్న ఎందుకు ఎక్కాడు?

నాలుగేళ్లుగా దర్శనను తొలిచేస్తున్న అనుమానం.

ఇవాళ జవాబు దొరికింది. అది మెట్లెక్కి పారిపోతోంది!

"ఆగురా అనికేత్!"

వాన. చీకటి పడుతోంది. ఫోరస్ రోడ్ వెనక, కూల్చడానికి ఖాళీ చేయించిన ఐదంతస్తుల చాల్, పాత అద్దె గదుల మేడ. కిటికీలన్నీ ఇటుకలతో మూసేశారు. దిగడానికి ఒక్కటే దారి. ఆ దారిలో దర్శన. కింద గుమ్మంలో అమ్మ రాజవ్వ.

అనికేత్ భుజాన తాళ్ల సంచి. గోడల మీద మొలిచిన చెట్లు కొట్టించే కాంట్రాక్టు అతనిది. పని ముగించుకుని దిగుతుంటే, దర్శన ఎదురెళ్లి ఫోన్ మొహం మీద పెట్టింది.

ఫోటో. కొండ. వేలాడే తాడు. దానికి కట్టిన ఎర్ర చేతిరుమాలు... దస్తీ!

అంతే... ఆమెను తోసేసి పైకి పరుగు తీశాడు.

కామాటిపురాలో మేడలకు రంగులేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ముందు తను వేలాడి చూసినవాడే తాడుకు దస్తీ కడతాడు. అది కనిపిస్తే రెండోవాడు ఒక్క మాట అడగడు. ఎక్కేస్తాడు.

అన్న అతుల్ అదే పని చేసేవాడు. ఆదివారాలు స్నేహితుడు అనికేత్‌తో కొండలెక్కేవాడు. అతను పోయిన రోజు, ఇద్దరూ తాడు మీద దిగాక కింద నుంచి లాగితే అది రాలేదు. పైనెక్కడో ఇరుక్కుంది. విడిపించడానికి అతుల్ ఆ తాడే పట్టుకుని ఎక్కాడు. సగంలో ఊడింది!

"తాగున్నడు. వద్దంటే ఇనలే" అన్నాడు అనికేత్. గల్లీ అంతా నమ్మింది.

శవం పక్కన తాడుకు దస్తీ లేదు మరి.

ఎదురు కొండ మీంచి ఎవరో తీసిన ఆ ఫోటో నిన్ననే దర్శనకు దొరికింది.

టెర్రస్!

నీళ్ల ట్యాంకు పైపు చుట్టూ తాడు తిప్పాడు అనికేత్. జారిపోకుండా కొసలకు ముడులేసి, రెండు కొసలూ కిందికి వదిలాడు. పిట్టగోడ దాటాడు. సర్రున జారాడు!

రెండు పేటల తాడు సగం దూరమే అందింది. మూడో అంతస్తు సజ్జ మీద ఆగాడు. ఒక కొస పట్టి లాగాడు. తాడు వచ్చేస్తే కిటికీ ఊచలకు కట్టి నేలకు దిగిపోతాడు.

రెండో కొస పైకి పాకింది... పాకింది... టక్!

ఆ కొస ముడి విప్పడం మరిచాడు. అది పైపు సందులో ఇరుక్కుంది.

సజ్జ పెచ్చులు రాలాయి.

"దర్శనా! సజ్జ పోతున్నది! పైన తాడు గట్టిగున్నదా చూడు!"

ఆమె పైపును తాకింది. తుప్పు. ఊగింది!

నడుమున దోపుకున్న దస్తీ తీసింది. పిట్టగోడ అంచున, కిందికి కనిపించేలా తాడుకు కట్టింది.

"ఎక్కు అనికేతన్నా. దస్తీ కట్టిన."

తాడు మీద చెయ్యి వేసి అనికేత్ పైకి చూశాడు.

"నువ్వు... ఏలాడి చూసినవా?"

"మా అన్న నిన్నడిగిండా?"

"ఒట్టు తల్లీ, చంపాలని కాదు! నాకు ఎక్కాలంటే భయమైంది. చూడకుండనే కట్టిన. వాడు పడ్డంక విప్పి జేబుల పెట్టుకున్న!"

"తాగిండా?"

"లే! చుక్క ముట్టలే!"

ఎదురు చాల్ వరండాల నిండా జనం. అందరూ విన్నారు.

దర్శనకు ఇది చాలా?

చాలలేదు. దేవుడు చూసుకుంటాడని అమ్మ రోజూ దీపం పెట్టి అంటుంది. నాలుగేళ్లు చూస్తూనే ఉన్నాడుగా!

"ఎక్కు!"

సజ్జ విరిగింది! అనికేత్ తాడుకు వేలాడాడు.

ఫట్!

పైపు ఊడింది! తాడు బుస్సున పిట్టగోడ వైపు లేచింది...

అరుపు!

బారెడు జారి... ఆగింది.

దర్శన గిర్రున తిరిగింది.

రాజవ్వ! ఎప్పుడొచ్చిందో! ముడి వెనక మిగిలిన కొసను ట్యాంకు స్తంభానికి కట్టేసింది. నలభై ఏళ్లు పరంజాలు కట్టిన చేతులు.

"దస్తీ కట్టినంక బరువు మనదే బిడ్డా."

"వాడు అన్నను చంపిండే అమ్మా!"

"ఇన్న. పట్టు. గుంజు."

ఇద్దరూ గుంజారు. గోడకు కాళ్లు తన్నుకుంటూ అనికేత్ పైకొచ్చి గచ్చు మీద బోర్లా పడ్డాడు. అరచేతులు చీరుకుపోయాయి.

"పెద్దమ్మా... నన్ను బతికించినవు..."

రాజవ్వ అతని ముందుకు వచ్చి నిలబడింది.

"నా కొడుకును కొండ మీదికెల్లి మోసుకొచ్చినవని, ఆ దినం గల్లీ అందరి ముంగట నీ కాళ్లు మొక్కిన. యాదికున్నదా?"

అతను తలూపాడు.

"నీ తల్లికన్న పెద్దదాన్ని. ఆ మొక్కు నాకు తిరిగియ్యి."

వాన. వరండాల్లో జనం ముందుకు వంగారు.

అనికేత్ మోకాళ్ల మీద ముందుకు పాకాడు. అతని నుదురు ఆమె పాదాలకు తగిలింది.

రాజవ్వ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"తీరింది. ఇగ ఠాణాకు నడువు."