హైడ్రోజన్ పాఠం

ల్యాబ్ సిబ్బంది కోసం కంప్యూటర్ శిక్షణా ప్రోగ్రామ్ రాసిన ఇంజనీరు లిఫ్టులో శవమై దొరికాడు. మెడ మీద సూది గుర్తు. చచ్చేముందు సీక్రెట్ సర్వీసుకి ఫోన్ చేసి రెండే మాటలు అనగలిగాడు: "పరీక్ష ఆపండి."

"ఆపం," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంటు తలెత్తాడు. సర్వీసులో అందరూ అతన్ని నీడ అని పిలుస్తారు.

"రేపు ఆ ల్యాబులో కొత్త గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రం ముందు పరీక్షకి కూర్చునేవాళ్ళే మనకున్న విషపరీక్షకులు. దానితో, నీళ్ళలో చుక్క విషం కలిసినా పట్టేస్తారు. విదేశీ ముఠా గురి వాళ్ళమీదే. వాళ్ళు పోతే మనం గుడ్డివాళ్ళమే. కానీ పరీక్ష ఆపితే ముఠా జారుకుంటుంది. బాంబు సిలిండర్ రూములో ఉందని మన డబుల్ ఏజెంట్ కబురు పంపింది. వెళ్ళి తీసెయ్."

"సార్... అక్కడ మా చెల్లెలు పనిచేస్తోంది."

"తెలుసు."

"దాన్ని సెలవు పెట్టమంటాను."

"ఒక్క కుర్చీ ఖాళీగా కనబడినా వాళ్ళు పసిగడతారు."

ఆ రాత్రి నీడకి కునుకు పట్టలేదు. అన్నయ్య ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తున్నాడనుకునే చెల్లెలు పక్కగదిలో గుర్రుపెట్టి నిద్రపోయింది.

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో, అంటించుకున్న మీసాలతో ల్యాబులో అడుగుపెట్టాడు. జేబులో పెన్ను. గ్యాస్ లీకైతే అది జుమ్మని వణుకుతుంది.

వరండాలో శిక్షకురాలు ఎదురైంది. నల్లకళ్ళద్దాలు, ఖరీదైన సెంటు, ఎవరినైనా కరిగించే నవ్వు. ముఠా జీతం తీసుకుంటూ సర్వీసుకి కబుర్లు చేరవేసేది ఈవిడే.

"ఏసీలో నీళ్ళు కారుతున్నాయా మేడమ్?"

"నీళ్ళు కాదు, నిప్పులు." కోడ్ సరిపోయింది. "సిలిండర్ రూములో చూడు. తొందరగా."

సిలిండర్ల వెనక, కింద, గోడ సందుల్లో ప్రతి అంగుళం తడిమాడు. బాంబు లేదు. మూల చెత్తబుట్టలో మాత్రం తీగలు తెగిన పరికరం ఒకటి కనిపించింది. హైడ్రోజన్ లీకైతే గంట కొట్టే సెన్సర్! దాన్నెందుకు పీకారు?

పక్కగదిలో ఎవరో ఆపకుండా వదిలేసిన కంప్యూటర్ పాఠం తనకు తానే వల్లె వేస్తోంది. "ముందు హైడ్రోజన్ తెరవండి. తర్వాత ఓవెన్ వేడి చేయండి. చివర్లో కాలమ్ బిగించండి."

నీడ చదివింది కెమిస్ట్రీయే. కాలమ్ అంటే యంత్రం ఓవెన్‌లో ఉండి నమూనాని విడదీసే సన్నని గొట్టం. అది బిగించకుండా గ్యాస్ వదిలితే మూసివున్న ఓవెన్ నిండా హైడ్రోజనే. పాత యంత్రంలో వాడిన హీలియం అంటుకోదు. ఇది అంటుకుంటుంది. పాఠంలో వరస మార్చేశారు! బాంబు ఈ గదిలో లేదు. మౌస్ నొక్కి నొక్కి అలవాటైన వేళ్ళలో ఉంది. అందులో చెల్లెలి వేళ్ళు కూడా.

ఒక్క ఉదుటున సిలిండర్ వాల్వ్ బిగించాడు. కానీ పరీక్ష మొదలైపోయింది, ఓవెన్‌లో ఇప్పటికే చేరిన గ్యాస్ మాటేమిటి?

తలుపు దగ్గర సెంటు గుప్పుమంది.

"కెమిస్ట్రీ వచ్చినవాణ్ణి పంపుతారనుకోలేదు," అంటూ ఆవిడ సూది ఎత్తింది. నీడ పనిముట్ల సంచీ ఎదురొడ్డాడు. సూది అందులో దిగబడింది. ఆవిణ్ణి గోడకి నెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

ల్యాబ్ తలుపు తోయగానే జేబులో పెన్ను పిచ్చిపట్టినట్టు వణికింది. యంత్రం ముందు చెల్లెలు. చూపుడువేలు ఓవెన్ బటన్ మీద.

నోరు తెరిస్తే చిన్నప్పటి ముద్దుపేరు తన్నుకొచ్చింది.

"ఉడతా!"

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. "అన్నయ్యా? ఆ మీసాలేంటి?"

"చెయ్యి తియ్!"

"పాఠంలో ఇలాగే ఉంది కదా..."

"పాఠం అబద్ధం! నీకు దండం పెడతా, చెయ్యి తియ్యవే!"

ఆమె అన్న మొహం చూసింది. ఆ మొహంలో అంత భయం ఎన్నడూ చూడలేదు. వేలు నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

ఎవర్నీ ఏ స్విచ్చీ ముట్టుకోవద్దని అరుస్తూ ఓవెన్ మూత తీశాడు, కిటికీలన్నీ బార్లా తెరిచాడు. పెన్ను వణకడం ఆగేదాకా ఎవరూ ఊపిరి తీసుకోలేదు. అప్పుడతను నేలమీద కూలబడ్డాడు. చెల్లెలు పక్కనే కూర్చుని, అతని చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది.

గేటు బయట శిక్షకురాలు ఎక్కబోయిన కారును కాపు కాసిన సర్వీసువాళ్ళు చుట్టుముట్టారు. ముఠా నాయకుడు అందులోనే దొరికిపోయాడు.

కాసేపటికి చీఫ్ లోపలికొచ్చాడు. "పరీక్ష ఏమైంది?"

"ఒక్కరూ పాసవలేదు సార్."

"బతికించారు. ఒక్కరు పాసైనా, ఈపాటికి అందరికీ కలిపి సంతాపసభ పెట్టాల్సొచ్చేది."