నెత్తురు చెప్పిన జోస్యం

ఆసుపత్రి లిఫ్టుకు అడ్డంగా ‘పనిచేయదు’ అన్న బోర్డు, పక్కనే స్పానర్‌తో మెకానిక్. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"ఎంతసేపు?"

"గంట పడుతుందండీ."

"నాలుగో అంతస్తులో నా నెత్తురు కోసం కాచుక్కూర్చున్నారు. గంటసేపు ఆగరు."

విసవిసా మెట్లెక్కింది. పిల్లలకు ఈత నేర్పే ఆ టీచరుకు ముప్ఫై ఒకటో ఏటనే గుండెపోటు వచ్చి మూడు నెలలైంది. పోటు తర్వాత ఎవరి గుండె సాగి పెద్దదవుతుందో రక్తంలోని కొన్ని ప్రొటీన్లను బట్టి ముందే పసిగట్టగలమా అని ఆ ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారు. నెలనెలా రక్తం ఇస్తానని ఆమె సంతకం పెట్టింది.

రెండో అంతస్తులో ఆయాసంతో ఆగింది. వెనకే స్టూలు మోసుకుంటూ మెకానిక్.

"కూర్చోండి."

"నేనడిగానా?"

"లేదు. నాకే కాళ్ళు పీకుతున్నాయి" అంటూ తనే కూలబడ్డాడు.

ఆమెకు నవ్వాగలేదు. "లేవండి" అని స్టూలు లాక్కుంది.

ఆ తర్వాత ఆమె వచ్చిన ప్రతిసారీ ఆ లిఫ్టుకు ఏదో ఒక జబ్బు చేసేది. నాలుగో నెలలో, టీ తాగుతూ, లిఫ్టు నిక్షేపంగా ఉందని అతనే ఒప్పుకున్నాడు.

"తెలుసులే" అంది.

ఆరో నెలలో డాక్టరమ్మ రిపోర్టు ముందు పెట్టింది. "మీ రక్తంలో ఆ ప్రొటీన్ల నంబరు ఎక్కువగా ఉంది. ఇలా ఉన్నవాళ్ళలో కొందరికి గుండె సాగుతుంది, అందరికీ కాదు. మందులు మానకండి. స్కాన్‌లు తీస్తూ కనిపెట్టుకుని ఉందాం."

అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచిన అన్నయ్య రిపోర్టు చూసి నీరుగారిపోయాడు. "ఆ అబ్బాయిని వదిలెయ్యమ్మా. తెలిసి తెలిసి అతని గొంతు కోయడమెందుకు?"

"నా గుండె గురించి డాక్టరు చెప్పింది, నెత్తురు చెప్పింది, నువ్వూ చెప్పావు. ఇక నన్ను చెప్పనీ."

"రేపేమన్నా అయితే?"

"అయిన రోజు చూసుకుందాం. ఇవాళే పాడెక్కి కూర్చోను."

వానలోనే బయల్దేరింది. గొడుగు పట్టుకుని అన్నయ్య వెంటపడ్డాడు.

వర్క్‌షాపులో మెకానిక్ చేతి గ్రీజు తుడుచుకుని రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"జాలిపడి మాత్రం మాట్లాడకు" అంది.

"భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది. కానీ దాని మాట వినను. మందులు వేసుకుంటాను, డాక్టరు సరేనన్నంత వరకు ఈదుతాను. నువ్వంటే ఇష్టం, అదీ మానుకోను. నీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు."

"పెళ్ళికి నన్ను సెలవు పెట్టుకోనిస్తావా, లేదా?"

"పెళ్ళని ఎవరన్నారు?"

"నేను. ఇప్పుడే."

గుమ్మంలో అన్నయ్య గొడుగు ముడిచాడు. నీళ్ళు దులిపి లోపలికొచ్చాడు.

"దీనికి స్కాన్ తేదీలు గుర్తుండవు" అన్నాడు మెకానిక్‌తో. "కాస్త నువ్వు రాసిపెట్టుకో, బావా."